నాయన రాత్రి ఒకటిన్నరకే లేచి కూర్చుంటాడు. అరవై దాటిన మగవాళ్ల నిద్ర గురించి తెలిసినోళ్లు చెప్పండి

చెనక్కాయ చేను | అనంతపురం | ఫిబ్రవరి 3, రాత్రి 11:48

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఈడ చదువుతాండా గానీ రాసింది లేదు. మా నాయన సంగతి అడిగేకి వచ్చినా.

నాయనకు 68 ఏండ్లు. మాది కళ్యాణదుర్గం తట్టు పల్లె. చెనక్కాయ వేసేవాళ్లం, కొంచెం చీనీ తోట ఉండాది. పోయిన ఏడాది అమ్మ పోయినంక ఆయన్ను అనంతపురానికి మా ఇంటికి పిల్చుకొచ్చుకున్నాం. రాత్రి తొమ్మిదికి పండుకుంటాడు. ఒకటి, ఒకటిన్నరకు లేస్తాడు. ఇంక తెల్లారేదాకా కన్ను మూయడు. వరండాలో కుర్చీ వేసుకొని లైటు కూడా వేయకుండా కూర్చుంటాడు. మొన్న నీళ్లు తాగేకి నేను లేస్తే చీకట్లో బీడీ నిప్పు ఒకటే కనపడింది. "ఏం నాయనా, నిద్ర రాలేదా" అంటే "వచ్చింది, పోయింది. నువ్వు పోయి పండుకో" అన్నాడు.

బీపీ, షుగరు రెండూ ఉండాయి, పదకొండేండ్లుగా మందులు మింగుతాడు. నిద్ర సంగతి చెప్తే మా వీధి మెడికల్ షాపులో చిన్న తెల్ల బిళ్లలు ఇచ్చినారు. నాలుగు రోజులు బాగా నిద్రపోయినాడు. ఐదో రోజు రాత్రి బాత్రూం గడప కాడ తూలి పడినాడు. మోచెయ్యి చీరుకుపోయింది, దేవుని దయ, ఎముక విరగలేదు. ఆ రోజు నుంచి బిళ్ల ఆపేసినాం.

అందరూ "వయసు మీద పడినాక నిద్ర అంతేలే" అంటాండారు. నిజంగా వయసేనా, లేక లోపల ఏదన్నా రోగమా? ముందు ఏ డాక్టరుకు చూపించాల?

సంగటి ముద్ద | ప్రొద్దుటూరు | ఫిబ్రవరి 4, ఉదయం 6:20

అన్నా, ఊరికే భయపడొద్దు. మా మామ ఆరేండ్లుగా ఆ బిళ్లే సగం వేసుకుంటాడు, ఏమీ కాలా. పూర్తిది ఇచ్చింటారు, అందుకే తూలినాడు. సగం చేసి ఇవ్వండి. మందు అలవాటు ఉంటే రాత్రి ఒక తొంబై పోసినా పండుకుంటారు. పెద్దోళ్లకు నిద్ర ముఖ్యం.

బురుజు నీడ | కర్నూలు | ఫిబ్రవరి 4, ఉదయం 9:05

ప్రొద్దుటూరు అన్నకు గౌరవంగానే చెప్తున్నా, ఆ సలహా వద్దు. నేను ఇరవై రెండేండ్లుగా కౌంటర్ వెనకాల ఉన్న ఫార్మసిస్టును.

చిన్న తెల్ల బిళ్ల అంటే చాలావరకు ఆల్ప్రాజోలం. 2014 మార్చి నుంచి అది షెడ్యూల్ హెచ్1లో ఉంది. అంటే చీటీ లేకుండా ఇవ్వకూడదు. ఇచ్చినప్పుడు రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని బిళ్లలు అనేది రిజిస్టరులో ఎక్కించి మూడేండ్లు దాచిపెట్టాలి. అడిగిన వెంటనే చేతిలో పెట్టిన మనిషి మీ నాయనకు మేలు చేయలేదు.

అరవై అయిదు దాటినవాళ్లకు ఏ మందులు ఇవ్వకుండా ఉంటే మంచిదో అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ ఒక జాబితా వేస్తుంది, బీర్స్ జాబితా అంటారు. ఈ జాతి నిద్రబిళ్లలు అందులో ఉన్నాయి. ముసలి ఒంట్లో ఇవి త్వరగా కరగవు, మత్తు తెల్లారి కూడా ఉంటుంది. రాత్రి మూత్రానికని లేచిన మనిషి తూలి పడేది అందుకే. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే మనిషి మళ్లీ మునుపటిలాగా నడవడం కష్టం. మోచేతితో పోయింది.

ఇంకోటి. జలుబు బిళ్ల వేస్తే నిద్ర వస్తుంది కదా అని కొందరు అదిస్తారు. ప్రోస్టేట్, అంటే మగవాళ్లకు మూత్రసంచి కింద ఉండే గ్రంథి, వాచిన పెద్దాయనకు దాంతో మూత్రం పూర్తిగా బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. అర్ధరాత్రి పైపు వేయించుకోవడానికి ఆటోలో పరుగెత్తినవాళ్లను చూశాను.

రిటైర్డ్ డాక్టర్ | కడప | ఫిబ్రవరి 4, మధ్యాహ్నం 2:30

జనరల్ మెడిసిన్‌లో ముప్పయ్యేళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసి బయటికి వచ్చిన మనిషిని. చూడకుండా వైద్యం చెప్పకూడదు కాబట్టి దారి మాత్రం చెప్తాను.

"వయసు" అనే మాటలో సగం నిజముంది. వయసు పెరిగే కొద్దీ గాఢనిద్ర తగ్గుతుంది, నిద్ర పలచబడుతుంది. ఒంట్లోని గడియారం ముందుకు జరుగుతుంది, అంటే తొందరగా నిద్రొచ్చి తొందరగా మెలకువ వస్తుంది. అంతవరకు సహజమే. కానీ వారంలో మూడు రాత్రులకు తక్కువ కాకుండా, మూడు నెలలు దాటి ఇదే వరస సాగుతూ, పగలు కూడా మనిషి వాడిపోయి ఉంటే దాన్ని వయసు అని వదిలేయడానికి లేదు. పెద్దవాళ్లలో నిద్రలేమి ఒంటరిగా రావడం తక్కువ. వెనకాల ఇంకొకటి తోస్తూ ఉంటుంది. మూత్రం, ఊపిరి, నొప్పి, దిగులు, మందు, ఇవన్నీ చూడాలి.

బాబూ, ఏ డాక్టరు దగ్గరికైనా పోయేముందు ఒక పని చెయ్యి. మీ అమ్మ ఉన్నప్పుడు ఆయన ఎలా నిద్రపోతున్నాడో ఆమెకు తెలుసు. ఇప్పుడు పక్కన పండుకునే మనిషి లేదు. గురక ఉందో లేదో, ఊపిరి ఆగుతుందో లేదో ఆయనకు ఆయన చెప్పుకోలేడు. రెండు రాత్రులు నువ్వు ఆయన గదిలో చాప వేసుకొని పండుకో. ఫోన్ చూడకుండా, గమనించు. ఎన్నిసార్లు లేచాడు, ఎందుకు లేచాడు, గురక మధ్యలో ఆగుతుందా, కాళ్లు విదిలిస్తున్నాడా, అన్నీ ఒక కాగితం మీద రాయి. ఒకరోజు మూత్రం మొత్తం కొలత మగ్గులో కొలిపించు, పగటిది వేరు, రాత్రిది వేరు. సాయంత్రం ఆయన మోకాలి కింద ముందు ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు అదిమి చూడు. ఏ మాత్ర ఏ పూట మింగుతున్నాడో రాయి. మధ్యాహ్నం నిద్ర ఎంతసేపో కూడా.

ఆ కాగితం తీసుకొని పోతే డాక్టరుకు సగం పని అయిపోతుంది.

రాత్రి డ్యూటీ | ఆదోని | ఫిబ్రవరి 4, సాయంత్రం 5:10

సార్ చెప్పింది చాలా నిజం. నేను స్టాఫ్ నర్సును. వార్డులో రాత్రి తిరిగేటప్పుడు నేను చూసేదేమంటే, "నాకు నిద్రే లేదమ్మా" అని పొద్దున చెప్పే తాతే రాత్రంతా గురక పెట్టింటాడు. అబద్ధం చెప్పడు ఆయన. ఊపిరి ఆగి ఆగి మెదడు లేపుతుంటే ఆ నిద్ర ఒంటికి పట్టదు. పడుకున్నట్టే ఉంటుంది, పడుకున్న ఫలితం ఉండదు.

గుంతకల్ లైన్ | గుంతకల్లు | ఫిబ్రవరి 5, తెల్లవారి 5:15

ముప్పై నాలుగేండ్లు గూడ్స్ బండి, తర్వాత ప్యాసింజరు నడిపిన లోకో పైలట్‌ను. 2019లో రిటైర్ అయినాను. మాకు డ్యూటీకి పిలిచేకి కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టేవాడు, రాత్రి రెండుకు అయినా, మధ్యాహ్నం రెండుకు అయినా. రిటైర్ అయిన తర్వాత కూడా మూడేండ్లు రాత్రి రెండుకు తలుపు చప్పుడు వినపడినట్టు ఉలిక్కిపడి లేచేవాణ్ణి. పోయి తలుపు తీసి చూసేవాణ్ణి కూడా. మా ఆవిడ ఏడ్చేది.

బెంగళూరులో ఒక డాక్టరమ్మ బిళ్ల రాయకుండా ఒక పద్ధతి చెప్పింది. నిద్రలేమికి మొదట చేయాల్సిన వైద్యం అదేనని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం కూడా చెప్పిందట, సీబీటీ-ఐ అంటారు, అంటే బిళ్ల లేకుండా అలవాట్లు, ఆలోచనలు మార్చి చేసే వైద్యం. నాకు ఆమె చేయించింది చెప్తా.

మంచం మీద ఎనిమిది గంటలు దొర్లి అయిదు గంటలే నిద్రపోయేవాణ్ణి. "అయితే మంచం మీద అయిదున్నర గంటలే ఉండు" అనింది. రాత్రి పదకొండున్నరకు ముందు మంచం ఎక్కకూడదు. పొద్దున అయిదుకు అలారం. నిద్ర వచ్చినా రాకపోయినా లేవాల్సిందే. మధ్యలో మెలకువ వచ్చి పదిహేను ఇరవై నిమిషాల్లో పట్టకపోతే మంచం దిగి వేరే గదిలో కూర్చోవాల, మళ్లీ కండ్లు బరువెక్కినాకే మంచం ఎక్కాల. గడియారం చూడకూడదు. మంచం మీద పేపరు, టీవీ, ఆలోచన ఏదీ వద్దు.

మొదటి పది రోజులు నరకం. తొమ్మిదిన్నరకే తల వాలిపోయేది. మా ఆవిడ నన్ను వీధి చివరి దాకా తిప్పేది, పదకొండున్నర వరకు మాట్లాడించేది. ఆ రోజుల్లో బండి తోలలేదు, తోలొద్దని ముందే చెప్పినారు. రెండు వారాలకు రాత్రి రెండు మెలకువ పోయింది. ఆ తర్వాత వారానికి పదిహేను నిమిషాలు పెంచుకుంటూ పోయినాం. ఇప్పుడు పదిన్నర నుంచి అయిదు. పొద్దున లేచిన వెంటనే రైల్వే గ్రౌండ్‌లో ఎండ తగిలేదాకా నడుస్తా.

అయితే ఒక మాట. నాకు ముందు గురక పరీక్ష, షుగర్ పరీక్ష అన్నీ చేసి ఏమీ లేదని తేలినాకే ఇది చేయించినారు. మూర్ఛ ఉన్నవాళ్లు, తూలి పడేవాళ్లు సొంతంగా చేయొద్దని ఆమె గట్టిగా చెప్పింది.

మిద్దె చల్లన | జమ్మలమడుగు | ఫిబ్రవరి 5, ఉదయం 10:40

మా తట్టు బండల మిద్దెలు. ఎండాకాలం పగలంతా కాలిన బండ అర్ధరాత్రి దాకా సెగ కక్కుతాది. ఒంటి వేడి కొంచెం దిగితేనే నిద్ర పట్టేది, ఆ సెగలో దిగేదెట్ల? మా నాయన అందుకే ఏప్రిల్ నుంచి మిద్దె పైన నులకమంచం మీద పండుకునేవాడు. ఇప్పుడు మోకాళ్లు పట్టేసి మెట్లెక్కలేడు. పోయిన ఏడాది మిద్దె పైన సున్నం కొట్టించి, సాయంత్రం అయిదుకు నీళ్లు చల్లించినాం. కింద గది తేడా తెలిసింది. ఎండలు ముదిరేలోపు ఎవరన్నా చేసుకుంటే మంచిది.

చెనక్కాయ చేను | అనంతపురం | ఫిబ్రవరి 8, రాత్రి 10:15

డాక్టర్ సార్, మీరు చెప్పినట్లే చేసినా. రెండు కాదు, మూడు రాత్రులు ఆయన గదిలో పండుకున్నా. కాగితంలో ఉండేది ఉన్నట్లు రాస్తాండా.

తొమ్మిది పదికి పండుకున్నాడు. తొమ్మిది నలభైకి గురక మొదలు. ఎల్లకిలా పండుకుంటే పెద్దగా ఉండాది. ఉన్నట్లుండి ఆగిపోయింది. గది అంతా నిశ్శబ్దం. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను ఒకటి, రెండు అని లెక్కపెట్టినా. ఇరవై రెండు దాకా లెక్క పోయింది సార్. లేచి ఆయన్ను తట్టబోయినా, అంతలోకి గట్టిగా ఎగపోసి, గొంతు సవరించుకొని పక్కకు తిరిగినాడు. మళ్లీ గురక. గంటలోపే ఇట్ల చాలా సార్లు అయింది, లెక్క తప్పినా. నాకు చేతులు వణికినాయి. ఇదే ఇంట్లో ఏడాదిగా ఉండాడు, గోడ అవతల నేను నిద్రపోతాండా.

పదకొండు అయిదుకు, పన్నెండు ఇరవైకి, ఒకటి ముప్పై అయిదుకు మూత్రానికి లేచినాడు. మూడోసారి మళ్లీ మంచం మీదికి రాలేదు. నాలుగుకు ఇంకోసారి పోయినాడు. కొలత: రోజంతా కలిపి 1900 మిల్లీలీటర్లు. అందులో రాత్రిదే 1100. సాయంత్రం కాలు అదిమి చూస్తే వేలు పడిన గుంట అట్లే నిలబడింది. బీపీకి పొద్దున ఆమ్లోడిపిన్, రాత్రి అన్నం తిన్నాక ఇంకో బిళ్ల. దాని మీద చదివితే హైడ్రోక్లోరోథయాజైడ్ అని కూడా ఉండాది. టీ నాలుగుకు ఒకటి, ఆరున్నరకు ఒకటి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా నిద్ర.

రెండో రాత్రి ఒకటిన్నరకు నేను కూడా ఆయన వెంట వరండాలోకి పోయి కింద కూర్చున్నా. చానాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పినాడు. ఊర్లో మా బోరుకు ఏండ్ల తరబడి త్రీఫేజు కరెంటు ఒంటిగంటకు వచ్చేది. టార్చి, కట్టె తీసుకొని మోటరు వేసేకి పోయేవాడు. పాముల భయం. ఆయన తిరిగొచ్చేదాకా మా అమ్మ పండుకునేది కాదంట, అరుగు మీద కూర్చొని చేను తట్టు టార్చి వెలుగు కనపడేదాకా చూస్తా ఉండేదంట. "ఆ టైముకే మెలకువ వస్తాది, వస్తే లోపల ఉండబుద్ధి కాదు" అన్నాడు.

ఈ సంగతి నాకు ఇన్నేండ్లు తెలీదు.

రిటైర్డ్ డాక్టర్ | కడప | ఫిబ్రవరి 9, ఉదయం 8:00

బాబూ, చాలా మంచి పని చేశావు. ఈ కాగితమే ఆసుపత్రికి తీసుకుపో.

అన్నిటికంటే ముందు ఊపిరి. పది సెకన్లు దాటి ఊపిరి ఆగడాన్నే ఆప్నియా అంటారు. నువ్వు లెక్కపెట్టింది ఇరవై రెండు. గొంతు వెనక కండ వదులై గాలి దారి మూసుకుపోతుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. రాత్రి తగ్గాల్సిన బీపీ తగ్గదు. గుండె మీద భారం. మగవాళ్లకు, యాభై దాటినవాళ్లకు, మెడ లావుగా ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ. ఇది ఉన్న మనిషికి నిద్రబిళ్ల ఇస్తే ఆ కండ ఇంకా వదులవుతుంది. మీరు ఆపేయడం నయమైంది. నాలుగు రోజులే కాబట్టి ఆపినా ఇబ్బంది లేదు.

మూత్రానికీ దీనికీ సంబంధం ఉందంటే చాలామంది నమ్మరు. మూసుకున్న గొంతుతో ఊపిరి లాగేటప్పుడు ఛాతీ లోపల ఒత్తిడి తగ్గి గుండె పై గదులు సాగుతాయి. రక్తం ఎక్కువైందేమో అనుకొని గుండె ఒక హార్మోన్ వదులుతుంది, అది మూత్రపిండాలతో నీళ్లు బయటికి పంపిస్తుంది. అంటే ప్రోస్టేట్ బాగున్నా రాత్రి మూత్రం పెరుగుతుంది.

రెండోది కాళ్లు. ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి. పగలు కాళ్లలో దిగిన నీరు పండుకోగానే రక్తంలోకి తిరిగొచ్చి మూత్రమై పోతుంది. పైగా ఆ హైడ్రోక్లోరోథయాజైడ్, అంటే నీరు తీసే బిళ్ల, రాత్రి మింగుతున్నాడు. అది పొద్దున పూట మింగాల్సిన జాతి. రోజు మొత్తంలో రాత్రి మూత్రం మూడో వంతు దాటకూడదు, మీ నాయనకు సగం దాటింది. ఈ రెండు బిళ్లల గురించి రాసిన డాక్టరునే అడగండి, మీకు మీరు మార్చొద్దు. కాళ్ల వాపుకు గుండె, మూత్రపిండాల పరీక్ష కూడా అడగండి. షుగరు ఎక్కువగా ఉన్నా మూత్రం పెరుగుతుంది కాబట్టి మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూపించండి. ప్రోస్టేట్‌కు స్కానింగ్, మూత్రం పోసిన తర్వాత సంచిలో ఎంత మిగులుతుందో కొలత.

మూడోది లెక్క. తొమ్మిది నుంచి ఒకటిన్నర దాకా నాలుగున్నర గంటలు. మధ్యాహ్నం రెండున్నర. మొత్తం ఏడు. అరవై అయిదు దాటిన మనిషికి ఏడెనిమిది గంటలు చాలు. రాత్రికి మిగల్చాల్సిన నిద్రను మధ్యాహ్నమే ఖర్చు పెడుతున్నాడు. ఆరున్నర టీ కూడా మానిపించు, కెఫీన్ సగం అరగడానికే అయిదు గంటలదాకా పడుతుంది. బీడీ కూడా మత్తు కాదు, నికోటిన్ మెదడును లేపుతుంది.

ముందు ఫిజీషియన్, తర్వాత ఊపిరితిత్తుల డాక్టరు దగ్గర నిద్ర పరీక్ష.

ఇక వరండా సంగతి. దానికి నా దగ్గర మందు లేదు. నువ్వు పోయి పక్కన కూర్చున్నావు కదా, అది మానొద్దు.

సంగటి ముద్ద | ప్రొద్దుటూరు | ఫిబ్రవరి 9, ఉదయం 11:35

డాక్టర్ సార్, ఫార్మసిస్టు అన్నా, నేను మొన్న రాసింది తప్పే. ఇదంతా చదివి మా మామ ఇంటికి పోయి అత్తను అడిగితే, ఈ మధ్య చెప్పింది మర్చిపోతాండాడు, రెండుసార్లు మంచం కాడ పడినాడు అని చెప్పింది. నాకు చెప్పనేలేదు. బిళ్లలు ఈరోజే తీసి పారేయమంటారా?

బురుజు నీడ | కర్నూలు | ఫిబ్రవరి 9, ఉదయం 11:50

వద్దు అన్నా, దయచేసి ఒక్కసారిగా ఆపొద్దు. ఆరేండ్ల అలవాటు. టక్కున ఆపితే వణుకు, గాబరా, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకుపోండి. వారాలు, నెలలు పట్టినా సరే కొంచెం కొంచెం తగ్గిస్తారు. మందు తాగే అలవాటు ఉంటే అది కూడా దాచకుండా చెప్పండి. ఆ రెండూ కలిస్తే ఊపిరికే ముప్పు. తాగితే మొదట నిద్ర పడుతుంది గానీ రాత్రి రెండో సగమంతా ముక్కలు ముక్కలవుతుంది, గురక పెరుగుతుంది.

తుంగ ఒడ్డు | కర్నూలు | ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 3:20

నేను ఆడమనిషిని, ఇక్కడ రాయొచ్చో లేదో అనుకుంటూ రాస్తున్నాను. మా వారికి 64, టీచరుగా చేసి రిటైర్ అయ్యారు. ఆయనకు నిద్ర పడుతుంది. కానీ తెల్లవారుజామున నిద్రలోనే అరుస్తారు, చేతులు విసురుతారు. పోయిన నెల ఎవరో దొంగ వచ్చాడని కల వచ్చిందట, నా భుజం మీద కొట్టారు. కమిలిపోయింది. లేచి చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఇప్పుడు ఆ భయానికి ఆయన నిద్రపోవడమే మానుకుంటున్నారు. పొరుగువాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించమంటున్నారు.

రిటైర్డ్ డాక్టర్ | కడప | ఫిబ్రవరి 10, సాయంత్రం 6:45

అమ్మా, తప్పకుండా రాయాలి. గాలీ కాదు, ఆయన తప్పూ కాదు.

కలలు వచ్చే నిద్రలో మన కండరాలు చచ్చుబడినట్టు ఉండాలి, అందుకే కలలో పరుగెత్తినా కాళ్లు కదలవు. ఆ తాళం వదులైతే కల చేతుల్లోకి వస్తుంది. దీన్ని రెమ్ నిద్ర ప్రవర్తన రుగ్మత అంటారు. యాభై దాటిన మగవాళ్లలోనే ఎక్కువగా కనపడుతుంది. న్యూరాలజిస్టుకు చూపించడం ఆలస్యం చేయొద్దు. కొందరిలో ఇది పార్కిన్సన్స్ లాంటి జబ్బుకు ఏళ్ల ముందే కనపడే గుర్తు. అందరికీ వస్తుందని కాదు, కానీ కనిపెట్టి చూసుకోవాలి. వాసన తెలియడం తగ్గిందా, మలబద్ధకం ఉందా, దిగులు మందులు ఏవైనా కొత్తగా మొదలుపెట్టారా, ఇవి డాక్టరుకు చెప్పండి. కొన్ని దిగులు మందులు దీన్ని పెంచుతాయి.

అప్పటిదాకా మీరు వేరే మంచం మీద పండుకోండి, అదే గదిలో. ఆయన పరుపు నేల మీద వేయండి. పక్కన గాజు సామాను, స్టూలు, టేబుల్ ఫ్యాను లేకుండా చూడండి.

తుంగ ఒడ్డు | కర్నూలు | ఫిబ్రవరి 10, రాత్రి 8:10

సార్, మీకు దండం. వేరే మంచం అంటే ఆయన బాధపడతారేమో అనుకున్నాను. మీ మాటలు ఆయనకే చదివి వినిపించాను. తనే లేచి పరుపు కింద వేసుకున్నారు.

చిత్రావతి | ధర్మవరం నుంచి, ఇప్పుడు అనంతపురం | ఫిబ్రవరి 11, తెల్లవారి 3:40

నాకు 71. ఆ కుర్చీలో కూర్చునే మనిషిని నేనే అనుకోండి. మగ్గం నేసి బతికినోణ్ణి. మా ఇంటిది పోయి నాలుగేండ్లు.

పిల్లలు అనుకునేది ఏమంటే, ముసలోడు రాత్రి కూర్చొని ఏదో ఆలోచిస్తాండాడని. నేను ఏమీ ఆలోచించను నాయనా. ఆమెకు ఉబ్బసం. రాత్రి దగ్గు వస్తే లేచి వేడినీళ్లు ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు దగ్గు వినపడక మెలకువ వస్తాది. ఇట్లుంటాదని ఎవరికి చెప్పేది? పగలు అందరూ పనుల్లో ఉంటారు, టీవీ పెట్టి పోతారు. పగలంతా పని లేక కునికితే రాత్రికి నిద్ర ఏడ నుంచి వస్తాది.

మీ నాయనకు పగలు చేతికి ఏదన్నా పని ఇవ్వు. అదొక్కటే నాకు తెలిసింది.

రాత్రి డ్యూటీ | ఆదోని | ఫిబ్రవరి 11, ఉదయం 7:30

పెద్దాయనా, మీరు రాసింది డ్యూటీ దిగి బస్సులో చదివాను. తెల్లవారుజామున మెలకువ రావడం, తిండి మీద మనసు పోకపోవడం, ఏదీ బాగనిపించకపోవడం రెండు వారాలు దాటి ఉంటే అది దిగులు జబ్బు కావచ్చు, మందుంది, మాటతో వైద్యం ఉంది. మగవాళ్లు "దిగులు" అని చెప్పరు, "నిద్ర లేదు" అని చెప్తారు. టెలీ మానస్ అని ప్రభుత్వం పెట్టిన ఉచిత ఫోన్ ఉంది, 14416. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మూడు నలభైకి కూడా ఎత్తుతారు. ఒకసారి చేయండి. చేసి ఇక్కడ చెప్పండి, ఎదురు చూస్తాను.

నిర్వాహకులు | ఫిబ్రవరి 11, ఉదయం 9:00

చిత్రావతి గారికి ప్రైవేటుగా సందేశం పంపాం. ఈ చర్చలో ఎవరూ మందుల మోతాదులు రాయొద్దని మనవి.

ఎర్రమట్టి దారి | తాడిపత్రి | ఫిబ్రవరి 13, రాత్రి 9:25

మా పెదనాయనకు వేరే రకం. సాయంత్రం పొద్దు గూకితే చాలు, కాళ్లల్లో చీమలు పాకినట్ల ఉండాదంటాడు. పండుకుంటే ఎక్కువ, లేచి తిరిగితే తగ్గుతాది. రాత్రంతా ఇంట్లో నడుస్తానే ఉంటాడు.

రిటైర్డ్ డాక్టర్ | కడప | ఫిబ్రవరి 14, ఉదయం 7:50

రెస్ట్‌లెస్ లెగ్స్ కావచ్చు. హిమోగ్లోబిన్ ఒకటే చూసి వదలొద్దు, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. అది 75 లోపు ఉంటే ఇనుము ఇచ్చి చూస్తారు. ఈ వయసు మగమనిషిలో ఇనుము ఎందుకు తగ్గిందనేది కూడా వెతకాలి, కడుపులో, పేగుల్లో రక్తం పోతుందేమో అని.

చెనక్కాయ చేను | అనంతపురం | మార్చి 29, రాత్రి 9:55

అందరికీ నమస్కారం. ఆలస్యమైంది, క్షమించండి.

కాగితం చూసి ఫిజీషియన్ డాక్టరు "ఇది ఎవరు రాయమన్నారు" అని అడిగినాడు. నీరు తీసే బిళ్లను పొద్దుటికి మార్చినాడు, ఆమ్లోడిపిన్ తీసేసి వేరేది రాసినాడు. గుండె, మూత్రపిండాలు బాగుండాయి. హెచ్‌బీఏ1సీ 8.6 ఉండె, దానికి మందు సర్దినారు. ప్రోస్టేట్ కొంచెం పెరిగింది గానీ ఆపరేషన్ ఏమీ అవసరం లేదన్నారు. వారం రోజులకే రాత్రి నాలుగుసార్లు లేచేది రెండుసార్లకు దిగింది.

నిద్ర పరీక్ష ఇంట్లోనే చేసినారు, వేలికి, ముక్కుకు, ఛాతీకి తగిలించే చిన్న పెట్టె. గంటకు 31 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో అయితాండాదంట. ముప్పై దాటితే తీవ్రం అంటారంట. సీప్యాప్ మిషను, అంటే గొంతు మూసుకుపోకుండా మాస్కులో నుంచి గాలి తోసేది, నెలకు అద్దెకు తీసుకున్నాం.

మొదటి వారం చానా కష్టమైంది. నాయనకు మీసాలు పెద్దవి. మాస్కు సందులో నుంచి గాలి తన్నేది, కండ్లు ఎండిపోయేవి. మీసం తీయమని టెక్నీషియన్ అంటే నాయన ఒక్క మాట మాట్లాడకుండా లేచి బయటికి పోయినాడు. అమ్మ పోయినప్పుడు తప్ప ఆయన ఆ మీసం తీయించింది లేదు. నేను ఆ పిల్లోనికి ఫోన్ చేసి వేరే రకం లేదా అని అడిగితే ముక్కు రంధ్రాల కాడ మాత్రం ఆనే చిన్న మాస్కు తెచ్చినాడు. అది సరిపోయింది. ఐదో రాత్రి అనుకుంటా, పదిన్నరకు పండుకున్న మనిషి మూడుకు లేచినాడు. పోయి వచ్చి తనే మాస్కు పెట్టుకొని మళ్లీ పండుకున్నాడు. నేను గోడకు ఆనుకొని చూస్తానే ఉండిపోయినా.

మధ్యాహ్నం నిద్ర ముప్పావు గంటకు దించినాం. చిత్రావతి పెద్దాయన చెప్పిన మాట మా ఇంటిదానికి బాగా పట్టింది. ఇంటి వెనక రెండు సెంట్ల జాగా ఊరికే ఉండె. నాయన దాన్ని తవ్వి గోంగూర, అలసంద, నాలుగు టమాటా సాళ్లు వేసినాడు. పొద్దున ఆరుకు ఎండలోనే ఉంటాడు. టీ ఆరున్నరది మానేసినాడు. బీడీ పూర్తిగా మానలేదు, రాత్రిది మాత్రం పోయింది.

ఒకటిన్నర మెలకువ వారంలో ఒకటి రెండుసార్లు ఇప్పటికీ వస్తాది. వస్తే నేనూ పోయి కూర్చుంటా. అమ్మ సంగతులు చెప్తాడు. అరగంట, ముప్పావు గంట. తర్వాత "పద, పండుకుందాం" అంటాడు.

చిత్రావతి | అనంతపురం | మార్చి 30, ఉదయం 6:10

చదివినా. సంతోషం నాయనా. ఆ నర్సమ్మ చెప్పిన నంబరుకు నేనూ చేసినా. పెద్దాసుపత్రికి రెండుసార్లు పోయొచ్చినా. మందు మొదలుపెట్టినారు. అలసందకు పురుగు వస్తే వేపనూనె కొట్టమను.

రాత్రి డ్యూటీ | ఆదోని | మార్చి 30, ఉదయం 7:45

పెద్దాయనా, చాలా సంతోషం. మందు మధ్యలో ఆపకండి, పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది.

మిద్దె చల్లన | జమ్మలమడుగు | మార్చి 30, మధ్యాహ్నం 1:30

అన్నా, మా నాయనకు కూడా గురక మధ్యలో ఆగుతాది, నిన్న రాత్రి పక్కన పండుకొని లెక్కపెట్టినా, పదిహేను దాకా వచ్చింది. మంగళవారం డాక్టరు కాడికి పోతాండాం. ఒకటి అడగాల. ఎండాకాలం రాత్రి కరెంటు పోతే ఆ మిషను సంగతేంది? మాస్కు పెట్టుకొని ఉండగా గాలి ఆగితే ప్రమాదమా?

చెనక్కాయ చేను | అనంతపురం | మార్చి 30, రాత్రి 8:20

మేమూ అదే అడిగినాం తమ్ముడూ. మాస్కులో గాలి పోయేకి సన్నని రంధ్రాలు ఉంటాయి, ఊపిరి ఆడకుండా పోదు, ఉక్కగా అనిపించి మనిషే లేచి తీసేస్తాడు అన్నారు. మేము ఇంట్లో ఉండే ఇన్వర్టరుకు ఆ గది ప్లగ్గు కలిపించినాం, ఫ్యాను, మిషను రెండూ నడుస్తాండాయి. మీ ఎలక్ట్రీషియన్‌కు మిషను వెనక ఉండే వాట్స్ చూపించి అడుగు. నీళ్లు పోసే వేడి పెట్టె ఎక్కువ కరెంటు లాగుతాది, కరెంటు పోయినప్పుడు అదొక్కటి ఆపేస్తే బ్యాటరీ తెల్లారేదాకా వస్తాది. మంగళవారం పోయొచ్చి ఏం చెప్పినారో రాయి.